రెంటల్ కార్టింగ్‌లో డ్రైవర్ బరువు: 20 కిలోల తేడాకి లాప్‌లో ఎంత పోతుంది?

బందరురోడ్డు
విజయవాడ, గుంటూరు వాళ్ళం కలిసి రెంటల్ కార్టుల (ట్రాక్ వాళ్ళు అద్దెకిచ్చే చిన్న రేసు బండ్లు) మీద చిన్న లీగ్ పెట్టుకుందామన్న సంగతి అందరికీ తెలిసిందే. పేర్లిచ్చిన వాళ్ళలో బక్కపలచని కాలేజీ కుర్రాళ్ళున్నారు, తొంభై దాటిన వాళ్ళూ ఉన్నారు. రూల్స్ రాసే ముందు ఒక్కటి తేల్చుకోవాలి. బరువు వల్ల లాప్ టైం (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం) నిజంగా ఎంత మారుతుంది? బలాస్ట్ (తేలికవాళ్ళకి కలిపే అదనపు బరువు) పెట్టాలా, పెడితే ఎవరికి, ఎంత, కార్టులో ఎక్కడ? కార్టులు మామూలు ఫోర్ స్ట్రోక్‌వి, 270 సీసీ హోండా ఇంజన్లు, లాప్ 40–45 సెకన్లు అనుకోండి. "మనం లావు బ్రో, అందుకే వెనకపడ్డాం" లాంటివి వాట్సాప్‌లో చాలానే చదివాం. ఇక్కడ లెక్కలు కావాలి.

పటమట_పోరగాడు
పది కిలోలకి లాప్‌లో 0.2 సెకన్లు. కార్టింగ్‌లో అందరూ చెప్పే లెక్క ఇదే. చాప్టర్ క్లోజ్.

బ్రాడీపేట_4/14
ఎక్కడ క్లోజ్? లాప్ 25 సెకన్లుండే ఇండోర్ ట్రాక్‌కీ, 60 సెకన్లుండే పెద్ద ట్రాక్‌కీ అదే 0.2నా? మాస్టారూ, మీరే రావాలి.

లెక్కల_మాస్టారు
వచ్చానండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక అపోహ. 65 కిలోల మనిషికీ 85 కిలోల మనిషికీ తేడా 30 శాతం అని చూడకూడదు. ఇంజను లాగేది మనిషినొక్కడినే కాదు, కార్టునీ మనిషినీ కలిపి. చుట్టూ బంపర్లతో ఉండే రెంటల్ కార్టు 160 కిలోల ప్రాంతంలో ఉంటుంది. అంటే 225 కిలోలకీ 245 కిలోలకీ మధ్య తేడా, సుమారు 9 శాతం. అదే రేసింగ్ కార్టు అయితే అది రెంటల్ కార్టులో సగానికి అటూ ఇటూగా తూగుతుంది కాబట్టి 20 కిలోల దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడ డ్రైవర్‌తో కలిపి మినిమం వెయిట్ పెట్టేది అందుకే.

రెండోది, కార్టుకి గేర్లు లేవు. చైను మీద ఒకటే రేషియో. మన హోండా ఇంజను జీఎక్స్270 టార్క్ (తిప్పే బలం) 2500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 19 న్యూటన్ మీటర్లు. 3600 దాకా వెళ్ళేసరికి 17 దాకా దిగుతుంది. అంటే వెనక చక్రాల దగ్గర తోపుడు బలం స్ట్రెయిట్ పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గాలినీ టైర్ల రాపిడినీ తీసేసి 300 న్యూటన్లు మిగిలిందనుకుందాం.

60 మీటర్ల స్ట్రెయిట్, కార్నర్ నుంచి 30 కి.మీ. వేగంతో బయటికొచ్చారు:

225 కిలోలు: 5.11 సెకన్లు, చివర్లో వేగం 54.5 కి.మీ.
245 కిలోలు: 5.21 సెకన్లు, చివర్లో వేగం 53 కి.మీ.

తేడా సెకనులో పదో వంతు. 30 మీటర్ల చిన్న స్ట్రెయిట్ అయితే 0.04. రెండు పెద్దవి, నాలుగు చిన్నవి ఉన్న లాప్‌లో మొత్తం 0.35 వస్తుంది. టైర్ల రాపిడి కూడా బరువుతో పాటు పెరుగుతుంది, నా లెక్కలో అది కలపలేదు, కలిపితే 0.4 దాకా పోతుంది. పోరగాడి 0.2 సూత్రం అలాంటి లాప్‌కి సరిగ్గా సరిపోయింది. అసలు లెక్కపెట్టాల్సింది మాత్రం నిమిషాలూ సెకన్లూ కాదు. కార్టు ఎన్నిసార్లు నెమ్మదించి మళ్ళీ ఎత్తుకుంటుందో అది.

ఇప్పుడు అసలు మాట. అదే స్ట్రెయిట్‌లో అదే 245 కిలోల కార్టు కార్నర్ నుంచి 30 బదులు 31తో బయటికొచ్చిందనుకోండి. టైం 5.11. తేలికవాడితో సమానం! ఒక్క కిలోమీటరు ఎగ్జిట్ స్పీడుతో 20 కిలోలు మాఫీ.

పటమట_పోరగాడు
ఒక్క కిలోమీటరా?! ఇంకోసారి చూడండి సార్, ఎక్కడో సున్నా పోయినట్టుంది.

లెక్కల_మాస్టారు
మీరే వేసుకోండి. చివరి వేగం వర్గం = మొదటి వేగం వర్గం + 2 × (బలం ÷ బరువు) × దూరం. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సే. వేగాన్ని మీటర్లలోకి మార్చుకోవడానికి 3.6తో భాగించండి. టైం కావాలంటే 120ని (60 మీటర్లకి రెట్టింపు) రెండు వేగాల మొత్తంతో భాగించండి.

కృష్ణలంక_కార్ట్స్
లెక్క ఓకే మాస్టారూ, కానీ ఆ 31 తేలికవాడు కూడా తెచ్చుకోగలడుగా? అప్పుడు మళ్ళీ 0.1 వెనకే.

లెక్కల_మాస్టారు
నిజమే. ఇద్దరూ ఒకే స్థాయి డ్రైవర్లైతే బరువు తేడా అలాగే నిలుస్తుంది, కాదనలేదు. కాకపోతే మన లీగ్‌లో కార్నర్ ఎగ్జిట్ తేడాలు ఒక్క కిలోమీటరుతో ఆగవు, మూణ్ణాలుగు ఉంటాయి. ఇంకోటి, కార్నర్ ఎంత స్పీడుదైతే బరువు నష్టం అంత తక్కువ. 45తో బయటికొచ్చే కార్నర్ తర్వాత అదే 60 మీటర్లకి తేడా 0.05, సగానికి పడిపోయింది. హెయిర్‌పిన్‌లు (వెనక్కి తిరిగే ఇరుకు మలుపులు) ఎక్కువున్న ట్రాక్ బరువైనవాళ్ళని ఏడిపిస్తుంది. సాఫీగా పారే ట్రాక్‌లో పెద్దగా తెలియదు.

అరండల్‌పేట
200 సీసీ కార్టుల్లో అయితే ఈ నష్టం డబుల్ అంటారు, నిజమేనా? గుంటూరు బ్యాచ్‌లో కొందరు అదే వాదన.

లెక్కల_మాస్టారు
బలం 300 బదులు 200 న్యూటన్లు వేసి చూడండి. 5.55, 5.64. తేడా 0.09. స్ట్రెయిట్ మొత్తానికి టైం పెరిగింది గానీ ఇద్దరి మధ్య దూరం దాదాపు అంతే. చిన్న ఇంజన్లో బండి ఈడ్చుకుపోతున్నట్టు అనిపిస్తుంది కాబట్టి జనం డబుల్ అంటారు.

ఆటోనగర్_స్పానర్
మాస్టారి లెక్కలు బానే ఉన్నాయి, కాకపోతే అందులో కార్టు ఒక దిమ్మ. అసలు కార్టు ఎలా తిరుగుతుందో చెప్తా, బరువు తిరకాసంతా అక్కడుంది.

కార్టుకి డిఫరెన్షియల్ లేదు. వెనక రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి, ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా? కడ్డీ ఒకటే కాబట్టి కుదరదు. అందుకే మలుపు తిరిగేటప్పుడు లోపలి వెనక చక్రం నేల మీద నుంచి కాస్త లేవాలి. లేవకపోతే ఆ చక్రం నేలని గీరుకుంటూ కార్టుని ముందుకే తోస్తుంది, ఇంజను గొంతు పట్టేసినట్టు ఆర్‌పీఎం పడిపోతుంది. దీన్నే మన వాళ్ళు బాగ్ అవడం అంటారు.

ఆ చక్రాన్ని లేపేది ఎవరు? ముందు చక్రాల క్యాస్టర్ కోణం (స్టీరింగ్ ఇరుసు వాలు) కొంత, ఛాసిస్ (బండి చట్రం) మెలి తిరగడం కొంత, మిగతాది సీట్లో కూర్చున్న మనిషి బరువు బయటివైపు వాలడం. రెంటల్ ఛాసిస్ మొద్దుగా, గట్టిగా ఉంటుంది, రోజుకి పది గుద్దులు తినాలి మరి. 50–55 కిలోల వాళ్ళు కూర్చుంటే అది సరిగ్గా మెలి తిరగదు. స్టీరింగ్ తిప్పుతారు, కార్టు తిన్నగా పోతుంది. అందుకని తేలికవాళ్ళకి కార్నర్‌లో అంత లాభం లేదు, ఒక్కోసారి నష్టమే. స్ట్రెయిట్‌లో తెచ్చుకున్న 0.1 హెయిర్‌పిన్‌లో తిరిగి ఇచ్చేస్తారు.

మరీ పొడుగ్గా, బరువుగా ఉన్నవాళ్ళది ఇంకో గొడవ. గురుత్వ కేంద్రం ఎత్తులో ఉంటుంది, లోపలి చక్రం అవసరానికి మించి లేస్తుంది, బయటి టైరు మీద భారమంతా పడి కార్టు టకటకా గెంతుతుంది. టైరు గ్రిప్పు కూడా బరువుతో సమానంగా పెరగదు. బరువు 10 శాతం పెరిగితే గ్రిప్పు అంతకంటే కాస్త తక్కువే పెరుగుతుంది.

నన్నడిగితే 65 నుంచి 80 మధ్యవాళ్ళకి రెంటల్ కార్టు బాగా కుదురుతుంది. 54 కిలోల వాడు అందరికన్నా ఫాస్ట్ అవుతాడన్న గ్యారంటీ ఏం లేదు.

బ్రాడీపేట_4/14
అన్నా, మరి మలుపులో బైకు మీద వాలినట్టు లోపలికి వాలితే?

ఆటోనగర్_స్పానర్
అస్సలొద్దు తమ్ముడూ. లోపలికి వాలితే లేవాల్సిన చక్రం మీదే బరువు పెట్టినట్టు. వీపు సీటుకి ఆనించి కదలకుండా కూర్చో, తల నిటారుగా. తేలికగా ఉన్నవాళ్ళు నెమ్మది కార్నర్‌లో భుజం కాస్త బయటికి వదిలితే చక్రం లేవడానికి సాయం. అంతకు మించి సర్కస్ అక్కర్లేదు.

సీటు వదులుగా ఉంటే మనిషి అటూ ఇటూ కదిలిపోతాడు, బరువు కార్టుకి ఆలస్యంగా అందుతుంది. సన్నగా ఉన్నవాళ్ళు ట్రాక్ వాళ్ళనడిగి సీటు ఇన్సర్ట్ (సీట్లో వేసే మెత్త) వేయించుకోండి. కానీ చూసుకోండి, ఇన్సర్ట్ వేస్తే మనిషి ముందుకి జరుగుతాడు. పెడల్స్ సర్దుకోకపోతే మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతాయి.

మంగళగిరి_మెల్లగా
బ్రేకింగ్ సంగతి ఎవరూ మాట్లాడరేం? బరువైన వాళ్ళకి అక్కడ కూడా పోతుందిగా.

ఆటోనగర్_స్పానర్
అందరూ అనుకునేంత పోదు. రెంటల్ కార్టుకి వెనక కడ్డీ మీద ఒకటే డిస్కు, ముందు బ్రేకుల్లేవు. చక్రం లాక్ అయ్యేదాకా తొక్కగలిగితే ఆగే దూరాన్ని తేల్చేది టైరు గ్రిప్పే. బరువు పెరిగితే గ్రిప్పూ దాదాపు దాంతో పాటే పెరుగుతుంది. పెడల్ కాస్త గట్టిగా తొక్కాలి, అంతే. పోయేది ఎక్కడంటే సెషన్ చివర్లో. డిస్కు, ప్యాడ్లు వేడెక్కి పెడల్ మెత్తబడుతుంది. 90 దాటినవాళ్ళు చివరి ఐదు నిమిషాలు బ్రేకింగ్ పాయింటు ఒక మీటరు ముందుకి తెచ్చుకోండి.

బరువైనవాళ్ళు చేయకూడని పని ఇంకోటుంది. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కడం. ఇందులో ఉండేది సెంట్రిఫ్యూగల్ క్లచ్. ఆర్‌పీఎం రెండు వేల చుట్టుపక్కలకొచ్చాక పట్టుకుంటుంది. కార్నర్‌లో అంతకన్నా కిందకి పడేస్తే క్లచ్ జారుతూ మళ్ళీ ఎత్తుకోవాలి. 245 కిలోల్ని జారుతున్న క్లచ్‌తో లాగితే షూలు కాలతాయి, కాలిన వాసన పిట్‌లోకి కొడుతుంది, తర్వాతి సెషన్‌లో ఆ కార్టు ఎక్కినవాడి ఖర్మ. మాస్టారు చెప్పిన ఎగ్జిట్ స్పీడు విలువ క్లచ్ వల్ల ఇంకా పెరుగుతుందన్నమాట. బ్రేకు కొంచెం ముందే వదిలేసి, కార్టుని వెడల్పుగా దొర్లనిచ్చి, స్టీరింగ్ తిన్నగా అవుతుండగా పూర్తి యాక్సిలరేటర్. బరువైనవాళ్ళకి లైన్ గుండ్రంగా ఉండాలి.

కృష్ణలంక_కార్ట్స్
పొడుగు స్ట్రెయిట్ ఉంటే ఇంజను గవర్నర్ (ఆర్‌పీఎం ఓ హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు) దగ్గర ఆగిపోతుంది కదా, అప్పుడు బరువు లెక్కలోకి రాదు. ఇదీ రాసుకోండి.

లెక్కల_మాస్టారు
కరెక్ట్. 3600 దగ్గర గవర్నర్ ఆపేశాక అందరిదీ ఒకటే స్పీడు. అక్కడికి ఎవరు ముందు చేరారన్నదే తేడా.

అరండల్‌పేట
ఎండ సంగతి? మే నెలలో బెజవాడలో 44, 45 డిగ్రీలు. అప్పటి టైములకీ డిసెంబరు సాయంత్రం టైములకీ పోలికే ఉండదు.

లెక్కల_మాస్టారు
మంచి పాయింటు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 6 శాతం తక్కువ. కార్బురేటర్ ఇంజను శక్తి మూడు నుంచి ఆరు శాతం దాకా పడిపోవచ్చు. గాలి, రాపిడి పోగా మిగిలే బలంలో చూస్తే కార్టు మీద పదిపన్నెండు కిలోలు అదనంగా పెట్టినట్టే. కాబట్టి ఏప్రిల్ మధ్యాహ్నం 85 కిలోల వాడు కొట్టిన లాప్‌ని జనవరి పొద్దున 65 కిలోల వాడి లాప్‌తో పోల్చి "చూశారా బరువు" అనకండి.

మంగళగిరి_మెల్లగా
కార్టుల మధ్య తేడా కూడా ఉందిగా. 7వ నంబరు కార్టు పడితే నేనైనా పోల్ (అందరికన్నా ముందు నిలబడే చోటు) కొడతా 😄

ఆటోనగర్_స్పానర్
నవ్వులాట కాదు, అసలు రోగం అదే. ఒకే ట్రాక్‌లో ఒకే మోడల్ కార్టుల మధ్య అర సెకను తేడా మామూలు. టైరు ఒకదానికి కొత్తది, ఒకదానికి గుండయింది. ఒక కార్టు కడ్డీ కాస్త వంగింది, చైను బిగుసుకుంది, బ్రేకు ప్యాడు డిస్కుని తాకుతూనే ఉంది. చేత్తో తోసి చూస్తే తెలుస్తుంది, సాఫీగా దొర్లని కార్టు ఇంజను ఎంత బాగున్నా లాగదు. అర సెకనంటే మాస్టారి లెక్కలో పాతిక కిలోలు! మీరు బలాస్ట్ గ్రాముల్లో తూచి, కార్టు చీటీలో ఏది పడితే అది ఇస్తే ఏం లాభం?

రేసుకి ముందు ఇలా చేయండి. ఒకే డ్రైవరు, అన్ని కార్టులూ, ఒక్కోదానికి ఏడు లాపులు. టైర్లు వేడెక్కేదాకా మొదటి రెండూ వదిలేయండి. మిగతా ఐదులో మంచివి మూడు తీసి సగటు వేయండి. ఒక్క బెస్ట్ లాప్ చూస్తే మోసపోతారు. గ్రూపు సగటుకి 0.3 కంటే దూరంగా ఉన్న కార్టులు పక్కన పెట్టేయమని ట్రాక్ వాళ్ళనడగండి. పెట్రోలు అన్నిట్లో ఒకే మట్టం ఉండాలి. లీటరు ముప్పావు కిలో కాబట్టి ఐదు లీటర్లకి నాలుగు కిలోలు కూడా తేడా రాదు. అయినా అడగడానికి డబ్బులేం అక్కర్లేదుగా.

బందరురోడ్డు
చాలా పనికొచ్చే మాటలు. అయితే నా ప్రతిపాదన ఇదీ. హెల్మెట్, షూస్, సూట్‌తో కలిపి మినిమం 80 కిలోలు. తక్కువున్నవాళ్ళు 2.5 కిలోల మెట్లలో బలాస్ట్ తీసుకోవాలి, గరిష్ఠం 15. ఫైనల్ అయ్యాక మళ్ళీ కాటా. హీట్‌కి హీట్‌కి (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసులు) కార్టులు మారాలి.

పటమట_పోరగాడు
54 కిలోల వాడికి 15 పెట్టినా 80 రాదుగా. వాడికి 25 పెట్టండి, న్యాయం న్యాయమే.

బ్రాడీపేట_4/14
ఫార్ములా వన్‌లోనే 2019 నుంచి డ్రైవరు, సీటు కలిపి కనీసం 80 కిలోలుండాలని పెట్టారు. 2025లో 82 చేశారు. తక్కువైతే బలాస్ట్ సీటు దగ్గరే పెట్టాలి, కారులో వేరే చోట సర్దుకుని లాభం పొందకూడదు. దానికి ముందు పొడుగు డ్రైవర్లు కడుపు మాడ్చుకునేవాళ్ళు. అంటే మినిమం రూల్ ఉండటం సబబే. కానీ 25 కిలోలు వేలాడదీయడం మాత్రం ఎక్కువ.

ఆటోనగర్_స్పానర్
25 నేను ఒప్పుకోను. రెంటల్ కార్టులో సీటు పక్కన బలాస్ట్ పెట్టె ఉన్నా అది ఎంతకి చేసిందో అంతకే. పైగా 54 కిలోల మనిషికి మొద్దు ఛాసిస్‌తో ఉన్న ఇబ్బంది బలాస్ట్‌తో పూర్తిగా తీరదు. ఇనుము కదలదు, మనిషిలా వాలదు. 15 దాటొద్దు. మిగతా తేడా వాడి అదృష్టం అనుకోండి.

కృష్ణలంక_కార్ట్స్
లైట్, హెవీ అని రెండు క్లాసులు చేస్తే సరిపోదా? 75 దగ్గర గీత.

బందరురోడ్డు
ఉన్నదే పాతికమంది. రెండుగా చీలిస్తే గ్రిడ్ వెలవెలబోతుంది.

అరండల్‌పేట
కాటాకి ఇంటి బాత్రూం స్కేలు పనికిరాదు, గచ్చు సమంగా లేకపోతే రెండు కిలోలు అటూ ఇటూ చూపిస్తుంది. గుంటూరులో మిర్చి టిక్కీలు తూచే ప్లాట్‌ఫాం కాటా అద్దెకి దొరుకుతుంది, గ్రాముల లెక్క చూపిస్తుంది. వేబ్రిడ్జి జోలికెళ్ళకండి, అది కిలోల్లో కాదు, పది కిలోల లెక్కలో చెప్తుంది.

మంగళగిరి_మెల్లగా
బలాస్ట్ ప్లేట్లు ఎక్కడ చేయించాలి? సీసమా, ఇనుమా? వీపుకి బ్యాగులో జిమ్ ప్లేట్లు వేసుకుంటే సరిపోదా?

ఆటోనగర్_స్పానర్
బ్యాగూ వద్దు, జేబులూ వద్దు, సీటు కింద గోనెసంచీ అసలే వద్దు. గుద్దుకున్నప్పుడు ఊడిన 5 కిలోల ప్లేటు పెడల్ కిందకెళ్తే బ్రేకు పడదు. వీపుకి కడితే ఆ దెబ్బ పక్కటెముకల మీదే. ట్రాక్ వాళ్ళ పెట్టె ఉంటే వాళ్ళ ప్లేట్లే వాడండి. లేకపోతే వాళ్ళ మెకానిక్ ఒప్పుకుంటేనే.

సీసం అయితే 20 × 11 × 2 సెంటీమీటర్ల ముక్క సరిగ్గా 5 కిలోలు. అదే బరువుకి ఇనుము కావాలంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సైజు. చోటు తక్కువ కాబట్టి సీసమే నయం, పైన పెయింటో టేపో ఉండాలి, ఒట్టి చేతుల్తో పట్టుకుని బిర్యానీ తినొద్దు. ఆటోనగర్‌లో కోసిన షీటు కొనుక్కోండి. పాత బ్యాటరీలు పగలగొట్టి పెరట్లో కరిగించే తెలివి మాత్రం ఎవరూ చూపించకండి. ఆ యాసిడూ, ఆ పొగా ఇంట్లో పిల్లల్ని పాడుచేస్తాయి.

మంగళగిరి_మెల్లగా
ఏ పక్క పెట్టాలి?

ఆటోనగర్_స్పానర్
ఇంజను ఏ పక్కనుంటే దానికి ఎదురు పక్క, సీటుని ఆనుకుని, ఎంత కిందకైతే అంత కిందకి. మరీ వెనక్కి పెడితే ముందు చక్రాలు తేలిపోయి కార్టు తిరగదు, మరీ ముందుకి పెడితే వెనక జారుతుంది. సీటు నడుం భాగం దగ్గర సరి.

ఒక్కో ప్లేటుకి కనీసం రెండు బోల్టులు, 8 ఎం.ఎం.వి. బోల్టు తల కింద వెడల్పాటి వాషరు వేయండి, లేకపోతే ఫైబర్ సీటు చీలుతుంది. నట్లు నైలాక్‌వి (లోపల నైలాన్ రింగుతో బిగుసుకునేవి), ప్రతి రేసుకీ కొత్తవి. ఒకసారి విప్పిన నైలాక్ మళ్ళీ అంత పట్టదు. ఈ వణుకుడికి ఐదు లాపుల్లో వదులవుతుంది. బిగించాక నట్టు మీదా ప్లేటు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. హీట్ అవగానే ఆ గీత తెగిందేమో చూసి, తెగితే ఆ కార్టుని పిట్ నుంచి కదలనివ్వొద్దు.